అద్దాల బీరువా, అవ్వ సున్నపు డబ్బీ

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. బస్సులో పోతా పోతా చదువుకోండి.

పోయిన నెల ఒక తమ్ముడు ఇక్కడ అడిగినాడు. ఆదోని, ఎమ్మిగనూరు పక్క మన తండాల పిల్లలు టెన్త్ పాసైనాక ఎంపీసీ, బైపీసీ ఎందుకు తీసుకోరు, అందరూ సీఈసీ, హెచ్ఈసీ వైపే ఎందుకు పోతారు అని. కింద చాలా కామెంట్లు వచ్చినాయి. ఇంగ్లీషు భయం అని ఒకరు, లెక్కల సార్లు లేరని ఒకరు, కాలేజీ ఫీజులని ఒకరు. అన్నీ నిజమే. కానీ సైన్సు మన చేతిలోంచి జారిపోయేది ఇంటర్‌లో కాదు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే అని నాకు అనిపిస్తుంది. చేతిలోంచి అనే మాట ఊరికే వాడలేదు. అది ఎట్ల జారిందో చెప్పాలంటే కొంచెం పాత చరిత్రలోకి పోవాల.

ముందు నా సంగతి. నేను ఏడో తరగతి చదివిన బడి పేరు చెప్పను. హెడ్ మాస్టరు గదిలో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో బీకర్లు, టెస్ట్ ట్యూబులు, ఒక త్రాసు, గుర్రపు నాడా ఆకారంలో ఎర్ర రంగు అయస్కాంతం. మేము ఆ గది ఊడ్చేటప్పుడు అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్ళం. మూడేళ్ళలో ఆ బీరువా తాళం తీసింది ఒకే రోజు, ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారని దుమ్ము తుడవడానికి. అయస్కాంతాన్ని నేనే తుడిచినా. తుడుస్తా తుడుస్తా కిటికీ ఊచకు ఆనించినా. అది గబుక్కున పట్టుకుంది. గుండె ఝల్లుమంది. వెంటనే లోపల పెట్టేయమన్నారు. నా హైస్కూలు చదువు మొత్తంలో సైన్సు నా చేతికి తగిలింది ఆ ఒక్క నిమిషమే. పరీక్షలో మాత్రం అయస్కాంత ధర్మాలు అయిదు రాసి అయిదు మార్కులు తెచ్చుకున్నా.

ఇప్పుడు అసలు కథ.

మన తాతముత్తాతలకు చేత్తో చేసే తెలివి తక్కువేమీ లేదు. సుగాలీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి దక్కన్ లోపలికి వందల మైళ్ళు తిరిగినవాళ్ళు. ఇంగ్లీషు కాగితాల్లో మనల్ని బ్రింజారీలు అని రాసినారు. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లీషు సైన్యం ఈ బిడారుల ధాన్యం మీదే ఆధారపడింది. ఎరుకలవాళ్ళు కూడా గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్నవాళ్ళే. ఒక ఎద్దు ఎంత బరువు మోస్తుంది, ఎండాకాలంలో ఏ వాగులో చెలమ తీస్తే నీళ్ళు పడతాయి, ఉప్పు తడవకుండా గోనె ఎట్ల కుట్టాల, ఇవన్నీ వాళ్ళకు తెలియకపోతే ఆ బతుకు ఒక్క నెల కూడా సాగదు. ఇది సైన్సేనా అంటే నేను పూర్తిగా అవునని అనను. ఎందుకు అనే ప్రశ్న దాంట్లో ఎంత ఉందో మనకు రాసి పెట్టినవాళ్ళు లేరు. కానీ చూడటం, కొలవడం, తప్పు చేసి దిద్దుకోవడం మాత్రం ఉంది. సైన్సుకు సగం సరుకు అదే.

1871లో రెండు జరిగినాయి. ఒకటి, మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం మన ఆదోని మీదుగా పోయి రాయచూరులో బొంబాయి మార్గాన్ని కలిసింది. వ్యాగన్లలో ఉప్పు పోతుంటే ఎద్దుల వెంట నడిచేవాళ్ళతో ఎవరికి పని? రెండు, అదే ఏడు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. మొదట ఉత్తరాదిలో అమలు చేసినారు. 1911లో కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చినారు. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉంది, ఆ జిల్లా మద్రాసు కిందిదే. ఈ సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు ఇటు వచ్చినాయి. మన మాటల్లో ఇన్ని కన్నడం మాటలు ఉండేది అందుకే.

వ్యాపారం పోయినవాళ్ళ మీదనే దొంగలనే ముద్ర ఎట్ల పడిందో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఎరుకల, కొరవల గురించి ఒక పుస్తకమే రాసినారు. చట్టం కింద పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకోకుండా ఊరు దాటనివ్వలేదు. కొన్ని కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టినారు. బాపట్ల పక్కన స్టువర్టుపురం అందరికీ తెలుసు. మన కర్నూలు జిల్లాలో సిద్ధాపురంలో కూడా ఒకటి ఉండేది. ఆ సెటిల్‌మెంట్లలో బళ్ళు కూడా పెట్టినారు. అక్షరాలు చెప్పినారు, దాంతోపాటు చేతిపని చెప్పినారు. ఎందుకంటే పనిలో పెడితే బుద్ధి మారుతుందని వాళ్ళ నమ్మకం. అంటే మన పిల్లల చేతులకు బడి మొదటిసారి పని ఇచ్చింది అడిగి తెలుసుకోవడానికి కాదు, అణిగి ఉండటానికి.

ఈ ముక్క ఎందుకు ఇంత సాగదీసినానంటే, చేతులతో నేర్చుకునే చదువు అనగానే మన పెద్దోళ్ళు ముఖం ముడుచుకుంటారు. మా నాయనే అన్నాడు ఒకసారి: "చేతిపని మాకు బడి నేర్పాల్నా? పత్తి తీసి తీసి గోళ్ళు అరిగినాయి. పిల్లోనికి పెన్ను పట్టడం నేర్పమను సాల్." ఆ మాటకు నేను చానా రోజులు జవాబు చెప్పలేకపోయినా. 1937లో గాంధీ వార్ధాలో నయీ తాలీం అని పెట్టినప్పుడు కూడా ఇదే గొడవ వచ్చింది. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్య ప్రణాళిక రాసింది. నూలు వడకడం, వ్యవసాయం మధ్యలో పెట్టి దాని చుట్టూ లెక్కలు, సైన్సు చెప్పాలని. ఆలోచన మంచిదే. కానీ పెద్దింటి పిల్లలు ఇంగ్లీషు బడికి పోతుంటే పేదోళ్ళ పిల్లలే తకిలి పట్టుకోవాల్నా అని అడిగినవాళ్ళ మాటా తప్పు కాదు. చివరికి చాలా చోట్ల తకిలి మిగిలింది, దాని చుట్టూ రావాల్సిన ప్రశ్నలు రాలేదు. అట్లయితే అది మా నాయన చెప్పిన కూలిపనే.

మరి చెయ్యి పెట్టి నేర్చుకోవడం కూలి కాకుండా సైన్సు ఎప్పుడవుతుంది? దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ మన రాష్ట్రంలోది కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లా. ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. గోండులు, కోర్కూలు ఉండే ప్రాంతం.

1972లో అక్కడ 16 ప్రభుత్వ మిడిల్ స్కూళ్ళలో ఒక పని మొదలైంది. కిశోర్ భారతి అనే సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి మొదలుపెట్టినాయి. అనిల్ సద్గోపాల్ అనే శాస్త్రవేత్త ముంబైలో టాటా పరిశోధన సంస్థ ఉద్యోగం వదిలిపెట్టి వచ్చి కిశోర్ భారతి పెట్టినారు. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్లు, టాటా సంస్థ వాళ్ళు సెలవుల్లో వచ్చి పల్లెటూరి టీచర్లతో కూర్చుని ప్రయోగాలు చేసినారు. సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకే.

వాళ్ళు చేసిన తేడా ఏంది? పుస్తకంలో జవాబు ముందే ఇచ్చేవాళ్ళు కాదు. బాల వైజ్ఞానిక్ అని వాళ్ళ పుస్తకం. అందులో ఇది చెయ్యి, ఏం చూసినావో రాయి, నీ పక్క గుంపుకు అదే వచ్చిందా అడుగు, రాకపోతే ఎందుకు రాలేదు, ఇట్ల ఉంటుంది. పిల్లలు నలుగురేసి గుంపులుగా కూర్చునేవాళ్ళు, గుంపుకు కొంత సామాను. పొలాలకు పోయి పురుగులు, మట్టి, ఆకులు తెచ్చుకునేవాళ్ళు. ప్రశ్న వస్తే సవాలీరామ్ అనే పేరుకు ఉత్తరం రాయొచ్చు, జవాబు వచ్చేది. సవాలీరామ్ అనే మనిషి లేడు, అది ప్రశ్నల పెట్టె పేరు అనుకోండి.

నాకు అన్నిటికంటే నచ్చింది పరీక్ష. ఎనిమిదో తరగతి పరీక్షలో పుస్తకం, నోటుబుక్కు ముందర పెట్టుకుని రాయొచ్చు. దాంతోపాటు ప్రయోగం చేసి చూపించాల. పుస్తకం తెరిచి ఉన్నప్పుడు బట్టీకి విలువేముంది? జ్ఞాపకం ఎక్కువ ఉన్నోడు కాదు, చేసి చూసినోడు గెలుస్తాడు. ఇంట్లో చదివించేవాళ్ళు, ట్యూషను లేని పిల్లలకు ఇది ఎంత పెద్ద మార్పో మనకు చెప్పనక్కర్లేదు.

1978లో జిల్లాలోని మిడిల్ స్కూళ్ళన్నిటికీ పాకింది. 1982లో ఈ పని చూసుకోవడానికి ఒక సంస్థ పెట్టుకున్నారు. దాని పేరు ఏకలవ్య. గురువు పక్కన కూర్చోనివ్వకపోతే అడివిలో సొంతంగా సాధన చేసి నేర్చుకున్న మన పిల్లవాని పేరు. బొటనవేలు ఎవరు అడిగినారో, ఎందుకు అడిగినారో ఈ గ్రూపులో నేను కొత్తగా చెప్పేదేం లేదు. 1972 నుంచి లెక్కేస్తే ముప్పై ఏళ్ళు నడిచినాక 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. జిల్లా ప్రణాళిక సంఘంలో పిల్లల బోర్డు పరీక్షల ఫలితాల గురించి ఆక్షేపణ లేచింది, ఏకలవ్య వాళ్ళు లెక్కలు చూపించి అది తప్పన్నారు, దేశంలో పేరున్న శాస్త్రవేత్తలు ఉత్తరాలు రాసినారు. అయినా ఆగిపోయింది. గమనించండి, పిల్లలు ప్రయోగాలు చేయలేకపోయినారని ఎవరూ అనలేదు. సామాను చాల్లేదని కూడా అనలేదు. పరీక్ష దగ్గరే పేచీ వచ్చింది.

సామాను మాటకొస్తే ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్నో దేశాల్లో బళ్ళు బాంబులకు కూలిపోయినాయి. అట్లాంటి దేశాల సైన్సు టీచర్ల కోసం యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వేసింది. డబ్బాలు, సీసాలు, తీగలతో ప్రయోగాలు ఎట్ల చేయాలో. దాన్నే పెంచి 1956లో సైన్సు బోధనకు పెద్ద పుస్తకంగా తెచ్చినారు, ప్రపంచమంతా వాడినారు. అంటే చవక సామానుతో సైన్సు చెప్పడం పేదోళ్ళకు వేసిన అరకొర ముష్టి కాదు. గొప్ప దేశాలు కూడా ల్యాబులు కాలిపోయినప్పుడు చేసిన పనే.

హోషంగాబాద్ నుంచే అరవింద్ గుప్తా బయటికొచ్చినాడు. కాన్పూర్ ఐఐటీలో చదివి, పుణెలో టెల్కోలో లారీలు తయారుచేసే ఉద్యోగం చేస్తా, 1978లో సెలవు పెట్టి ఈ పల్లెలకు పోయినాడు. అక్కడి సంతలో సైకిల్ వాల్వ్ ట్యూబు, అగ్గిపుల్లలు కొని, ట్యూబు ముక్కల్లో పుల్లలు గుచ్చి ఆకారాలు చేసినాడు. చతురస్రం చేసి వేలితో నెడితే పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. మన తండాలో పందిరి వేసేటప్పుడు రెండు గుంజల మధ్య ఏటవాలుగా ఒక కట్టె కడతారు చూడండి, అదెందుకో రెండు నిమిషాల్లో చేతికి తెలుస్తుంది. ఆయన పుస్తకాలు తెలుగులో కూడా వచ్చినాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2018లో పద్మశ్రీ ఇచ్చినారు. పద్మశ్రీ సంగతి సరే, ఆ పుస్తకాలు మన హాస్టళ్ళలో ఎన్ని ఉన్నాయో ఎవరైనా చూసి చెప్పండి.

మన తెలుగు గడ్డ మీద ఏమీ జరగలేదని కాదు. 1988లో జన విజ్ఞాన వేదిక పుట్టింది. వాళ్ళ చెకుముకి పత్రిక, చెకుముకి పరీక్షలు మనలో కొందరికి గుర్తుండే ఉంటాయి. 1993 నుంచి బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతోంది, పిల్లలే తమ ఊరి సమస్య తీసుకుని పరిశీలించి చెప్పాల. 1980లలో బ్రిటిష్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, కృత్యాలతో చెప్పాలని టీచర్లకు శిక్షణ ఇచ్చినారు. 1996లో డీపెప్ వచ్చినప్పుడు మొదటి అయిదు జిల్లాల్లో మన కర్నూలు ఒకటి. బడి గోడల మీద బొమ్మలు, పూసలు, పుల్లలు, కార్డులు, ఆ తరం అన్నలకు తెలుసు. కానీ ఇవి రెండూ అయిదో తరగతి వరకే. ఆరో తరగతికి హైస్కూలుకు రాగానే ఆటలు అయిపోయినాయి, ఇక చదువు అన్నట్టు పిల్లోని చేతిలోంచి పుల్లలు లాక్కుని అద్దాల బీరువా ముందు నిలబెట్టినారు. సైన్సు అసలు మొదలయ్యేది అక్కడ. చెయ్యి కట్టేసింది కూడా అక్కడే.

ఆ ఖాళీని నింపాలని చూసినవాళ్ళలో పెద్దది అగస్త్య ఫౌండేషన్. 1999లో రాంజీ రాఘవన్ మొదలుపెట్టినారు. చిత్తూరు జిల్లా కుప్పం పక్కన 172 ఎకరాల్లో వాళ్ళ క్యాంపస్. సైన్సు ల్యాబును వ్యాన్‌లో పెట్టి ప్రభుత్వ బళ్ళకు పంపుతారు. పిల్లలే పిల్లలకు ప్రయోగం చేసి చెప్పేలా తయారు చేస్తారు, నాకు నచ్చింది అదే. వ్యాన్ వచ్చి పోయేదే కదా, మళ్ళీ వచ్చేదాకా ఏం చేయాల అనే ప్రశ్న మాత్రం ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు వ్యాన్ దగ్గర దొరకదు, బడి దగ్గరే దొరకాల.

తరువాత 2012 నుంచి రాష్ట్రం పాఠ్యపుస్తకాలే మార్చింది. పేజీ పేజీకి కృత్యం. మీ ఊళ్ళో అడగండి, చేసి చూడండి, చర్చించండి. చదివితే హోషంగాబాద్ పుస్తకాలు గుర్తొస్తాయి. మరి ఏమైంది? మార్కులకు ప్రాజెక్టు వర్క్ పెట్టినారు. బజారులో ప్రాజెక్టు పుస్తకాలు వచ్చినాయి. ఆదోనిలో నేనే కొన్నా, రెండు చార్టులు, ఒక రెడీమేడ్ ప్రాజెక్టు. మా ఊరి చెరువు గురించి రాయమంటే పుస్తకంలో ఉన్న ఎవరిదో చెరువు గురించి రాసినా. మా తండాకు చెరువే లేదు. మార్కులు పదికి పది.

ఇవన్నీ అందరి పిల్లలకూ ఉన్న కష్టాలే. మన పిల్లలకు ఇంకొకటి ఉంది. దాన్ని ఏ సైన్సు పథకం రాసినవాళ్ళూ లెక్కలో వేసుకోలేదు. సుగ్గి.

బయట ప్రాంతాల తమ్ముళ్ళకు చెప్తున్నా, సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం. ఇక్కడ సుగ్గికి పోవడం అంటే వలస పోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు, దేవనకొండ, ఏ పక్కైనా చూడండి. దసరా, దీపావళి అయినాక టెంపోలు, లారీలు వచ్చి తండా ముందు ఆగుతాయి. గుంటూరు పక్క పత్తికి, మిరపకాయలకు. ఉగాది దగ్గరపడితే తిరిగొస్తారు. తుంగభద్ర దిగువ కాలువ మన పక్కనుంచే పోతుంది, కానీ మన చేలకు చాలావరకు వానే దిక్కు. కాబట్టి పోక తప్పదు. సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు, కస్తూర్బా బళ్ళు 2004లో వచ్చినాక ఆడపిల్లలకు కొంత ఆసరా దొరికింది. అయినా చిన్న చెల్లిని ఎత్తుకోవడానికి ఏడో తరగతి అక్కను తోలుకుపోయే ఇళ్ళు మనకు తెలుసు.

పుస్తకం చదివి పరీక్ష రాసేదైతే, వచ్చినాక ఎవరి నోట్సో తీసుకుని బట్టీ పట్టి పాసవుతారు. చేసి చూసే సైన్సు అట్ల కాదు. చేసిన రోజు నువ్వు లేకపోతే లేవు. నోటుబుక్కులో పక్కోని గీతలు దించుకుంటావు. అందుకే అనుకుంటా, మంచి టీచరు ఉండి, నిజంగా ప్రయోగాలు చేయించిన బడిలో కూడా మన పిల్లలు వెనక బెంచీలోనే మిగులుతారు. దీనికితోడు మనం మైదాన గిరిజనులం. పాడేరు, ఉట్నూరు లాగా మన పిల్లల కోసమే ఆలోచించే ఐటీడీఏ పడమటి కర్నూలు తండాలకు లేదు. శ్రీశైలం ఐటీడీఏ చెంచు అన్నదమ్ముల కోసం.

అందుకని పోయిన ఎండాకాలం, సుగ్గి నుంచి అందరూ వచ్చినాక, మా తండాలో వేపచెట్టు కింద ఆదివారాలు కూర్చున్నాం. నేను, ఎమ్మిగనూరులో డిగ్రీ చదివే ఇద్దరు చెల్లెళ్ళు. పిల్లలు ఒక రోజు పదకొండు మంది, ఒక రోజు నలుగురు. ఇది పెద్ద గొప్ప పని అని రాయడం లేదు. ఏం పనిచేసిందో, ఏం పనిచేయలేదో చెప్తే ఇంకో తండాలో ఎవరైనా చేస్తారని.

ఆమ్లాలు, క్షారాలు పాఠానికి లిట్మస్ కాగితం కావాల. లేదు. మా అవ్వ తమలపాకుల సంచిలో సున్నపు డబ్బీ ఉంది. పసుపు నీళ్ళలో తెల్లకాగితం ముంచి ఎండబెట్టినాం. సున్నం రాస్తే ఎర్రగా మారింది. బట్టల సబ్బు రాస్తే ఎర్రగానే మారింది. చింతపండు రసం వేస్తే మళ్ళీ పసుపు. పారాణి ఎట్ల ఎర్రగా వస్తుందో ఆడపిల్లలకు అందరికీ తెలుసు, అది పాఠంలో ఉన్న సంగతే అని మాత్రం ఎవరికీ తెలియదు. అవ్వ కూడా వచ్చి కూర్చుంది. పిల్లలు పాఠం మాటలు తెలుగులో కాదు, మన గోర్ బోలిలోనే అరుచుకుంటా చెప్పుకున్నారు. ఆమ్లం, క్షారం అనే పేర్లు చివర్లో చెప్పినా. వస్తువు ముందు చేతికి వస్తే పేరు ఏ భాషదైనా అతుక్కుంటుంది. పేరు ముందు వస్తే అది గాలిలోనే ఉండిపోతుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, పుస్తకంలో మూడో భాష ఉన్న మన పిల్లలకు ఇది చానా ముఖ్యం.

మట్టి ప్రయోగం సగమే పనిచేసింది. రెండు బాటిళ్ళు కోసి, ఒకదాంట్లో నల్లరేగడి, ఒకదాంట్లో ఎర్రమట్టి పోసి సమానంగా నీళ్ళు పోసినాం. ఎర్రమట్టిలోంచి గబగబా కారినాయి, రేగడిలోంచి కారడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. పిల్లలు విసుగొచ్చి ఆడుకోవడానికి పోయినారు. కానీ ఒక పిల్ల వెనక్కి వచ్చి, "అందుకేనా అన్నా రేగట్లో వాన లేకపోయినా శనగ పండేది?" అంది. ఆ పిల్ల గుంటూరు చేలల్లో రెండు సుగ్గిలు చూసి వచ్చింది.

తుంగభద్ర డ్యాం సంగతి అందరికీ గుర్తుంది కదా. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఉన్న 33 గేట్లలో ఒకటి. కన్నయ్య నాయుడు గారు వచ్చి పారే నీళ్ళలోనే స్టాప్‌లాగ్‌లు దింపించినారు. పిల్లలు సెల్లులో ఆ వీడియోలు ఎన్నిసార్లు చూసినారో. దాన్ని పట్టుకుని నీళ్ళ పీడనం పాఠం చేద్దామనుకున్నాం. పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్‌కు పైన, మధ్యలో, కింద మూడు చిల్లులు పొడిచి నీళ్ళు నింపినాం. చాలా పుస్తకాల్లో బొమ్మ ఎట్ల ఉంటుందంటే, కింది చిల్లు నీళ్ళు అన్నిటికంటే దూరం పడతాయి. మేము బాటిల్ నేల మీద పెట్టినాం. మధ్య చిల్లు నీళ్ళు దూరం పడినాయి.

నాకు చెమటలు పట్టినాయి. పిల్లలు నా ముఖం చూస్తున్నారు. నేను బడిలో ఉండి ఉంటే చిల్లు సరిగ్గా పడలేదని చెప్పి పాఠం ముగించేవాణ్ణి. మళ్ళీ చేసినాం, మళ్ళీ అదే. అప్పుడు మా అక్క కొడుకు బాటిల్‌ను ఎత్తుగా ఉన్న కట్ట గోడ మీద పెట్టినాడు. అప్పుడు కింది చిల్లు నీళ్ళు అన్నిటికంటే దూరం పోయినాయి. చానా సేపు వాదించుకున్నాక తేలింది ఏమంటే, కింది చిల్లులోంచి నీళ్ళు అన్నిటికంటే గట్టిగా వస్తాయి, కానీ బాటిల్ నేల మీద ఉంటే దూరం పోయేలోపలే నేల తగులుతుంది. గోడ మీద పెడితే పోవడానికి దారి దొరుకుతుంది. పుస్తకం బొమ్మ తప్పు కాదు, సగమే. ఆ సగం పట్టుకున్నది ఏడో తరగతి పిల్లోడు. వాడు హాఫ్ ఇయర్లీలో సైన్సు ఫెయిల్. ఆ పరీక్షప్పుడు గుంటూరులో ఉన్నాడు.

ఈ మాట మా నాయనకు చెప్పినా. పిల్లోడు పుస్తకాన్ని దిద్దినాడు నాయనా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత, "ఆ బాటిల్ పారేయకు, వానికియ్యి" అన్నాడు.

ఇప్పుడు మీతో పని. ఈసారి ఎండాకాలం కంటే ముందే, సుగ్గికి బండ్లు రాకముందు ఒక నాలుగు ఆదివారాలు, వచ్చినాక ఒక ఆరు ఆదివారాలు పెట్టుకుందాం అనుకుంటున్నాం. మీ తండాలో, మీ కాలనీలో పెట్టగలిగితే కింద రాయండి. బీరువా వద్దు, తాళం వద్దు. పసుపు, సున్నం, బాటిళ్ళు, వాల్వ్ ట్యూబు, అగ్గిపుల్లలు చాలు. సీజనల్ హాస్టల్లో వార్డెన్‌ను అడిగి చేయగలిగినవాళ్ళు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే సుగ్గికి పోకుండా మిగిలిన పిల్లలు అక్కడే ఉంటారు.

ఇంకొకటి. మెకానికల్, సివిల్ చదివే అన్నలు, అక్కలు ఎవరైనా జవాబు చెప్పాల. బాటిల్ ప్రయోగం అయినాక మా అక్క కొడుకు అడిగినాడు: "మామా, నీళ్ళు కింద ఎక్కువ నెడతాయి, పైన తక్కువ నెడతాయి అంటివి కదా. మరి గొలుసు ఉండేది గేటు పైన. కింద నెట్టే నీళ్ళకు పైనున్న గొలుసు ఎట్ల తెగింది?" నాకు తెలియలేదు. వచ్చే ఆదివారం చెప్తా అన్నా. మూడు ఆదివారాలు అయిపోయినాయి.